మ్యాచ్‌కు ముందే గెలుపు లెక్క

2019 జులై 14న వింబుల్డన్ సెంటర్ కోర్టులో పురుషుల సింగిల్స్ ఫైనల్ నాలుగు గంటల 57 నిమిషాలు సాగింది. స్కోరు సంగతి కాసేపు పక్కన పెట్టి మిగతా లెక్కలు చూస్తే ఇలా ఉంటాయి. ఒక ఆటగాడు 25 ఏస్‌లు కొట్టాడు, రెండోవాడు 10. విన్నర్లు 94కు 54. మొదటివాడు ప్రత్యర్థి సర్వీసును ఏడుసార్లు బ్రేక్ చేస్తే, రెండోవాడు చేయగలిగింది మూడుసార్లే. గేములు మొత్తం 36-32. పాయింట్లు మొత్తం 218-204. ఈ అంకెలు ముందు పెట్టి కప్పు ఎవరిదని అడిగితే ఎవరూ తడుముకోరు. కానీ ఆ సాయంత్రం కప్పు అందుకున్నది రెండోవాడు, నొవాక్ జొకోవిచ్. స్కోరు 7-6, 1-6, 7-6, 4-6, 13-12. పై పద్దులన్నిటిలోనూ పైచేయి సాధించిన రోజర్ ఫెదరర్ రన్నరప్ పళ్లెంతో వెనుదిరిగాడు.

ఆట ముగిసి, అంకెలన్నీ చేతికందాక కూడా విజేత ఎవరో పట్టివ్వని ఆట ఇది. అలాంటప్పుడు టాస్ పడకముందే ఫలితం చెప్పబూనడం సాహసమే అనిపిస్తుంది. అయినా ఆ పని రోజూ జరుగుతోంది. ఏడాది పొడవునా ఏదో ఒక ఖండంలో సాగే టోర్నీల మీద గణాంక శాస్త్రజ్ఞులు, కంప్యూటర్ నిపుణులు, బెట్టింగ్ కంపెనీలు అంచనాలు కడుతూనే ఉన్నారు. పురుషుల టూర్‌లో మంచి పద్ధతి ఏదైనా పది మ్యాచ్‌లకు దాదాపు ఏడింటి విజేతను సరిగ్గా చెబుతుంది. ఆ ఏడు ఎలా దొరుకుతున్నాయి, మిగతా మూడు ఎందుకు చేజారుతున్నాయి? రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు ఒక్కచోటే ఉంది. అది టెన్నిస్‌లో స్కోరు కట్టే తీరు.

ఆ తీరును గణితంతో పరీక్షించిన తొలి మేధావి జాకబ్ బెర్నూలీ. సంభావ్యతా శాస్త్రానికి పునాది వేసిన ఆయన లాటిన్ గ్రంథం 'ఆర్స్ కంజెక్టాండి' ఆయన చనిపోయిన ఎనిమిదేళ్లకు, 1713లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అచ్చయింది. ఆ పుస్తకం చివర ఒక మిత్రుడికి ఫ్రెంచ్‌లో రాసిన లేఖ ఉంది. అందులోని విషయం 'జ్యూ ద పోమ్', ఇప్పటి టెన్నిస్‌కు పూర్వీకురాలైన ఆట. పాచిక ఏ ముఖం మీద పడే అవకాశం ఎంతో దాని ఆకారం చూసే చెప్పేయొచ్చు. ఆటగాడి సత్తా అలా తెలియదు, చాలాసేపు ఆడించి ఎన్ని పాయింట్లు గెలుస్తున్నాడో లెక్కపెట్టి తెలుసుకోవాల్సిందే అన్నది అక్కడ ఆయన వాదన. ఆ నిష్పత్తి దొరికాక గేమ్ గెలిచే అవకాశం, సెట్ గెలిచే అవకాశం కాగితం మీద కట్టుకుంటూ పోవచ్చు. బలహీనుడికి ముందుగానే ఎంత ఆధిక్యం ఇస్తే పోటీ సమానమవుతుందో కూడా ఆయన లెక్కించాడు. మూడు వందల ఏళ్ల తర్వాత కంప్యూటర్లు చేస్తున్న పని దీనికి కొనసాగింపే.

లెక్క పెద్ద కష్టమైనది కాదు. సర్వ్ చేస్తున్న ఆటగాడు ఒక్కో పాయింటూ గెలిచే అవకాశం 60 శాతం అనుకుంటే, అతను గేమ్ గెలిచే అవకాశం 60 దగ్గర ఆగదు, 74 శాతానికి చేరుతుంది. పాయింట్ దగ్గర 65 ఉంటే గేమ్ దగ్గర 83 అవుతుంది. 70 ఉంటే 90. డ్యూస్ (40-40) ఒక్కదాన్నీ విడిగా చూస్తే కిటుకు బోధపడుతుంది. అక్కడి నుంచి గెలవాలంటే వరుసగా రెండు పాయింట్లు కావాలి. 60 శాతం వాడు రెండూ గెలిచే అవకాశం 36 శాతం, రెండూ ఓడే అవకాశం 16 శాతం, చెరొకటి పంచుకుంటే మళ్లీ డ్యూసే. 36కు 16 అంటే నూటికి 69 పాళ్లు అతనివే. రెండు పాయింట్ల తేడా ఉండి తీరాలన్న నియమం బలవంతుడి చిన్నపాటి మొగ్గును ఇలా పెంచుతూ పోతుంది.

గేమ్ నుంచి సెట్‌కు, సెట్ నుంచి మ్యాచ్‌కు వెళ్లేసరికి ఆ మొగ్గు ఇంకా పెరుగుతుంది. సర్వీసు ఎవరిదన్న తేడా వదిలేసి, ఒక ఆటగాడు మొత్తం పాయింట్లలో 51 శాతం గెలవగల సత్తా ఉన్నవాడనుకుంటే, మూడు సెట్ల మ్యాచ్‌లో అతని గెలుపు అవకాశం దాదాపు 60 శాతం, ఐదు సెట్ల మ్యాచ్‌లో 63 శాతం. అదే 55 శాతం పాయింట్లు గెలవగలవాడైతే మూడు సెట్లలో 90 దాటుతుంది, ఐదు సెట్లలో 95 దగ్గరికి వెళ్తుంది. 2024 జూన్‌లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో ఫెదరర్ స్వయంగా ఈ సంగతి విద్యార్థులకు చెప్పాడు. తాను ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు, పాయింట్లలో గెలిచింది మాత్రం 54 శాతమే. పాయింట్ల దగ్గర సగానికి నాలుగే ఎక్కువ. మ్యాచ్‌ల దగ్గర సగానికి ముప్పై ఎక్కువ. అంచనాలు అసలు సాధ్యం కావడానికి కారణం ఈ పెంపే.

ఆ పెంపులోనే ఇంకో గుణం కూడా ఉంది. టెన్నిస్‌లో పాయింట్లన్నిటికీ ఒకే విలువ లేదు. 1977లో కార్ల్ మోరిస్ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త దీన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. ఒక పాయింట్ గెలిస్తే గేమ్ గెలిచే అవకాశం ఎంత, ఓడితే ఎంత అని చూసి, రెండింటి తేడానే ఆ పాయింట్ ప్రాముఖ్యంగా తీసుకోవాలన్నాడు. పైన చెప్పిన 60 శాతం సర్వర్ 40-0తో ముందున్నప్పుడు తర్వాతి పాయింట్ పోయినా అతను గేమ్ గెలిచే అవకాశం 95 శాతం ఉంటుంది. గెలిస్తే నూరు. తేడా కేవలం ఐదు. అదే 30-40 దగ్గర పాయింట్ పోతే గేమే పోతుంది, గెలిస్తే డ్యూస్‌కు చేరి అవకాశం 69 అవుతుంది. తేడా 69. ఒకే గేమ్‌లోని రెండు పాయింట్ల మధ్య పదమూడు రెట్లకు పైగా అంతరం. ఫెదరర్ గెలిచిన 218లో విలువ తక్కువ పాయింట్లు చాలానే ఉన్నాయి. రెండో సెట్ 6-1తో గెలిచినప్పుడు కూడబెట్టిన ఆధిక్యం ఆ సెట్‌తోనే తీరిపోయింది, తర్వాతి సెట్‌కు ఒక్క పాయింటూ వెంట రాలేదు. మొదటి, మూడో, ఐదో సెట్లను తేల్చిన మూడు టైబ్రేకులూ జొకోవిచ్‌వే.

ఇది అరుదైన వింత కాదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పరిశోధకులు దాదాపు 61 వేల మ్యాచ్‌లు పరిశీలిస్తే, ఇరవైలో సుమారు ఒకదాంట్లో ఓడినవాడే ఎక్కువ పాయింట్లు గెలిచాడని తేలింది. 2010 వింబుల్డన్‌లో మూడు రోజుల పాటు 11 గంటల 5 నిమిషాలు నడిచిన జాన్ ఇస్నర్, నికోలస్ మహుత్‌ల మ్యాచ్‌లో మహుత్ 502 పాయింట్లు, ఇస్నర్ 478 పాయింట్లు గెలిచారు. ఐదో సెట్ 70-68తో ఇస్నర్ గెలిచాడు. 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో యానిక్ సినర్ 193, కార్లోస్ అల్కరాజ్ 192. నాలుగో సెట్‌లో మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు కాచుకున్న అల్కరాజ్ కప్పు గెలిచాడు.

మ్యాచ్ నడుస్తుండగా టీవీ తెర మూలన కనిపించే గెలుపు శాతాలు కూడా ఈ లెక్క నుంచే వస్తాయి. 2019 ఫైనల్ ఐదో సెట్‌లో ఫెదరర్ 8-7తో ముందుండి తన సర్వీసులో 40-15కు చేరాడు. సర్వీసులో 65 శాతం పాయింట్లు గెలిచే ఆటగాడు ఆ స్థితిలో గేమ్ గెలిచే అవకాశం 97 శాతం. ఒకవేళ గేమ్ చేజారినా 8-8 దగ్గర సగం సగం అవకాశం మిగులుతుంది. రెండూ కలిపితే మ్యాచ్ గెలిచే అవకాశం 98 శాతం పైనే. ఆ లెక్కలో తప్పు లేదు. మిగిలిన ఆ కాస్తలోంచే జొకోవిచ్ దారి చేసుకున్నాడు.

సెట్ల సంఖ్య గురించి ఒక మాట చెప్పాలి. మహిళల టెన్నిస్‌లో సంచలనాలు ఎక్కువని, ఆడవాళ్ల ఆటలో నిలకడ తక్కువని వ్యాఖ్యాతలు తరచూ అంటుంటారు. ఆ మాట అనేముందు ఒక చిన్న లెక్క చూడాలి. ఒక్కో సెట్‌ను 80 శాతం అవకాశంతో గెలవగల క్రీడాకారిణి మూడు సెట్ల మ్యాచ్‌లో పదిసార్లకు ఒకసారి ఓడిపోతుంది. సరిగ్గా అంతే సత్తా ఉన్న పురుషుడు గ్రాండ్‌స్లామ్‌లో ఐదు సెట్లు ఆడతాడు గనుక నూటికి ఆరుసార్లే ఓడతాడు. అంటే సంచలనాల సంఖ్య ఒకటిన్నర రెట్లకు పైగా పెరగడానికి నిలకడతో పనే లేదు, మ్యాచ్ పొట్టిదైతే చాలు. నిబంధనల వల్ల వచ్చిన తేడాను స్వభావానికి అంటగట్టడం అన్యాయం.

స్కోరు లెక్క ఎంత కచ్చితమైనా అందులో మొదట వేసే అంకె ఎక్కడి నుంచి రావాలి? ఈ ఇద్దరిలో ఎవరి సత్తా ఎంత? అందరికీ ముందుగా కనిపించేది ర్యాంకు. పురుషుల కంప్యూటర్ ర్యాంకింగ్స్ 1973 ఆగస్టులో మొదలయ్యాయి, మహిళలవి 1975లో. గడిచిన 52 వారాల్లో ఏ టోర్నీలో ఏ రౌండ్ దాకా వెళ్లారన్న దాన్నిబట్టి పాయింట్లు కలుపుతారు. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2,000. టోర్నీలలో ఎవరికి నేరుగా చోటివ్వాలో తేల్చడానికి ఈ పద్ధతి బాగానే ఉంటుంది, దాన్ని తయారుచేసింది కూడా అందుకే. రేపటి మ్యాచ్ ఎవరిదో చెప్పడం దాని పని కాదు. ఏ రౌండ్‌లో ఎవరిని ఓడించారన్నది అది పట్టించుకోదు. పదకొండు నెలల కిందటి విజయానికీ నిన్నటి విజయానికీ సమాన విలువ ఇస్తుంది.

దీనివల్ల ఏం జరుగుతుందో 2005లో తెలుగువాళ్లు కళ్లారా చూశారు. ఆ ఫిబ్రవరిలో పద్దెనిమిదేళ్ల సానియా మీర్జా సొంత ఊళ్లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. అంతకుముందు నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్‌కు వెళ్లింది. కొద్ది వారాల తర్వాత దుబాయ్‌లో ఎదురైన స్వెత్లానా కుజ్నెత్సోవా అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్, ర్యాంకు తొలి పదిలో ఉంది. సానియా 6-4, 6-2తో గెలిచింది. పత్రికలు దాన్ని పెను సంచలనం అన్నాయి. ర్యాంకుల ప్రకారం అది నిజమే. కానీ ఆ సమయానికి కుజ్నెత్సోవా ర్యాంకులో ఆరు నెలల కిందటి న్యూయార్క్ విజయం నిండుగా ఉంది, సానియా ర్యాంకులో రెండు నెలల దూకుడు ఇంకా సరిగా ఇంకలేదు. ఆ ఏడాది ముగిసేసరికి సానియా 31వ ర్యాంకుకు చేరింది. ఎదుగుతున్న ఆటగాళ్ల వెనకాల ర్యాంకు ఎప్పుడూ కొంత ఆలస్యంగా నడుస్తుంది.

ఈ లోపాన్ని సరిచేసే పద్ధతి చదరంగం నుంచి వచ్చింది. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతిక శాస్త్ర అధ్యాపకుడు అర్పాడ్ ఎలో తయారుచేసిన రేటింగ్‌ను అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య 1970లో తీసుకున్నాయి. ఇందులో ప్రతి ఆటగాడికీ ఒక సంఖ్య ఉంటుంది. ఇద్దరి సంఖ్యల మధ్య తేడాయే అంచనా. తేడా 100 ఉంటే పైవాడి గెలుపు అవకాశం 64 శాతం, 200 ఉంటే 76, 400 ఉంటే 91. మ్యాచ్ అయ్యాక గెలిచినవాడు ఓడినవాడి నుంచి కొన్ని పాయింట్లు తీసుకుంటాడు. అనుకున్నవాడే గెలిస్తే మారేవి కొద్దిగానే. అనుకోనివాడు గెలిస్తే చాలా ఎక్కువ. పెద్ద టోర్నీయా చిన్న టోర్నీయా అన్న ప్రశ్నే లేదు, ఎవరిని ఓడించాడన్నదే ముఖ్యం. దుబాయ్ లాంటి విజయాన్ని ర్యాంకింగ్స్ ఒక రౌండ్‌గానే లెక్కేస్తాయి. ఎలో పద్ధతి దాన్ని చాంపియన్ మీద గెలుపుగా గుర్తిస్తుంది.

2014 సీజన్‌లోని 2,395 పురుషుల మ్యాచ్‌ల మీద స్టెఫానీ కొవాల్చిక్ అనే పరిశోధకురాలు పదకొండు అంచనా పద్ధతులను పరీక్షించి, ఫలితాలను 2016లో ప్రచురించారు. ర్యాంకుల మీద ఆధారపడినవి, పాయింట్ లెక్క మీద ఆధారపడినవి, ఇద్దరిద్దరిని పోల్చేవి, అన్నిటినీ ఒకే తూకంలో వేశారు. ఫైవ్‌థర్టీఎయిట్ అనే అమెరికన్ వార్తా సంస్థ టెన్నిస్‌కు మలచిన ఎలో పద్ధతి ఒక్కటే బెట్టింగ్ కంపెనీల అంచనాకు దీటుగా నిలబడింది. అన్ని పద్ధతులకూ ఒక బలహీనత ఉమ్మడిగా కనిపించింది. పైర్యాంకు ఆటగాళ్ల మ్యాచ్‌లలో బాగా పనిచేసినవి కింది ర్యాంకుల దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాయి.

కోర్టు ఏదన్నది తర్వాతి చిక్కు. ఎర్రమట్టి మీద బంతి నెమ్మదిగా వచ్చి ఎత్తుకు లేస్తుంది, పచ్చిక మీద జారి తక్కువ ఎత్తులో దూసుకుపోతుంది. రఫెల్ నాదల్, ఫెదరర్ 40 సార్లు తలపడితే 24 నాదల్ గెలిచాడు. ఈ ఒక్క అంకె పట్టుకుని ఏళ్ల తరబడి వాదనలు సాగాయి. విడదీసి చూస్తే మట్టి కోర్టులపై నాదల్ 14-2తో ముందున్నాడు, హార్డ్ కోర్టులపై ఫెదరర్ 11-9, పచ్చికపై ఫెదరర్ 3-1. అంటే మట్టి తీసేస్తే ఫెదరర్‌దే పైచేయి, 14-10. అక్కడితో కూడా కథ పూర్తికాదు. తొలి ఏళ్లలో ఫెదరర్ మట్టి కోర్టులపై ఫైనల్ దాకా వచ్చేంత గట్టివాడు, కాబట్టి అక్కడ నాదల్‌కు తరచూ దొరికాడు. నాదల్ అప్పటికి హార్డ్ కోర్టులపై అంత తరచుగా ఫైనల్‌కు చేరలేదు, కాబట్టి ఫెదరర్‌కు అక్కడ దొరకలేదు. ఇద్దరి ముఖాముఖి రికార్డు చెప్పే ప్రతిచోటా ఆ మ్యాచ్‌లు ఎక్కడ, ఎప్పుడు జరిగాయని అడగకపోతే అంకె పక్కదారి పట్టిస్తుంది. ఐదారు మ్యాచ్‌ల రికార్డైతే అసలు ఏమీ చెప్పదు. మంచి మోడళ్లు ఒక్కో కోర్టుకు విడిగా ఒక రేటింగ్, మొత్తానికి ఒక రేటింగ్ ఉంచి, రెండింటినీ కలిపి వాడతాయి.

పాయింట్ల నుంచి కట్టుకుంటూ వచ్చిన లెక్కలన్నిటికీ ఆధారమైన ఒక ఊహ ఉంది. ఏ పాయింట్‌కు ఆ పాయింట్ వేరు, ముందు పాయింట్ ప్రభావం తర్వాతి దాని మీద పడదు, 40-0 దగ్గరా 30-40 దగ్గరా ఆటగాడు ఒకేలా ఆడతాడు అన్నది ఆ ఊహ. టెన్నిస్ ఆడినవాళ్లెవరూ దీన్ని ఒప్పుకోరు. చేతులు వణకడం, ఊపు మీద ఉండటం, ప్రత్యర్థి డీలాపడటం అన్నీ వాళ్లకు అనుభవమే. నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు ఆర్థిక గణాంకవేత్తలు ఫ్రాంక్ క్లాసెన్, యాన్ మాగ్నస్ దీన్ని తేల్చాలని 1992 నుంచి 1995 వరకు జరిగిన వింబుల్డన్ పోటీలలో 481 సింగిల్స్ మ్యాచ్‌లు తీసుకుని, దాదాపు 90 వేల పాయింట్లను ఒక్కొక్కటిగా పరిశీలించారు.

వాళ్లకు దొరికిన జవాబు లెక్కలు కట్టేవాళ్లకూ ఆటగాళ్లకూ న్యాయం చేసింది. ఊపు అనేది నిజమే: ముందు పాయింట్ గెలిచినవాడు తర్వాతి పాయింట్ గెలిచే అవకాశం కాస్త పెరుగుతుంది. ఒత్తిడీ నిజమే: కీలకమైన పాయింట్ల దగ్గర సర్వర్ విజయాలు కాస్త తగ్గుతాయి. అయితే ఆ ప్రభావాలు చాలా చిన్నవి, మ్యాచ్ ఫలితం అంచనా వేసేటప్పుడు పాయింట్లన్నీ ఒకటే అనుకున్నా పెద్ద పొరపాటు రాదు. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా బయటపడింది. మేటి ఆటగాళ్లలో ఈ హెచ్చుతగ్గులు తక్కువ, బలహీనుల్లో ఎక్కువ. ప్రతి పాయింట్‌నూ మొదటి పాయింట్‌లా ఆడగలగడం గొప్ప ఆటగాడి లక్షణాల్లో ఒకటని అంకెలతో నిరూపించిన పరిశోధన అది. సెట్‌లో ఏడో గేమ్ అన్నిటికన్నా కీలకమని తరాలుగా చెప్పుకుంటూ వచ్చిన నమ్మకాన్ని కూడా వాళ్లు పరీక్షించారు. దానికి ఆధారం దొరకలేదు.

అంచనా మంచిదో కాదో తేల్చడం ఎలా? ఇక్కడే పాఠకులూ పత్రికలూ ఎక్కువగా పొరబడతారు. 2009 మే 31న ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో స్వీడన్ ఆటగాడు రాబిన్ సోడర్లింగ్ నాదల్‌ను 6-2, 6-7, 6-4, 7-6తో ఓడించాడు. నాదల్ అప్పటికి ఆ టోర్నీలో 31 మ్యాచ్‌లు ఆడి 31 గెలిచాడు. కొన్ని వారాల ముందు రోమ్‌లో అదే సోడర్లింగ్‌ను 6-1, 6-0తో చిత్తు చేశాడు. సోడర్లింగ్ ఏ గ్రాండ్‌స్లామ్‌లోనూ అంతకుముందు మూడో రౌండ్ దాటలేదు. నాదల్ గెలుస్తాడని చెప్పినవాళ్లందరూ ఆ రోజు తప్పారు.

కానీ ఆ తప్పు ఎంతటిది? పారిస్‌లో నాదల్ ఆడే ప్రతి మ్యాచ్‌కూ 97 శాతం గెలుపు అవకాశం ఇచ్చిన అంచనాకారుడు ఒకడున్నాడనుకుందాం. నాదల్ అక్కడ మొత్తం 116 మ్యాచ్‌లు ఆడాడు. 97 శాతం అంటే వాటిలో మూడో నాలుగో ఓడాలి. ఓడింది నాలుగు: 2009లో సోడర్లింగ్ చేతిలో, 2015లోనూ 2021లోనూ జొకోవిచ్ చేతిలో, 2024లో అలెగ్జాండర్ జ్వెరెవ్ చేతిలో. ఒక్కో ఓటమి వచ్చినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది, మొత్తం లెక్కలో మాత్రం అంచనా అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఎనభై శాతం అని చెప్పిన వంద మ్యాచ్‌లలో ఇరవై తారుమారు కావాలి. వందకు వందా అనుకున్నట్టే జరిగితే ఆ అంచనాకారుడు తన పని సరిగా చేయలేదని అర్థం, ఎందుకంటే అతను అనవసరంగా సందేహించాడు.

దీన్ని కొలిచే సాధనం వాతావరణ శాస్త్రం నుంచి వచ్చింది. వాన పడే అవకాశం ఇంత శాతం అని చెప్పేవాళ్ల పనితనం పోల్చడానికి గ్లెన్ బ్రయర్ 1950లో ఒక మార్కుల పద్ధతి ఇచ్చాడు. చెప్పిన అవకాశానికీ జరిగినదానికీ మధ్య తేడాను వర్గం చేస్తారు. మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిది. 80 శాతం అని చెబితే, అనుకున్నట్టు జరిగినప్పుడు 0.04 పడుతుంది, తారుమారైతే 0.64. ఎప్పుడూ సగం సగం అని చెప్పి తప్పించుకునేవాడికి ప్రతిసారీ 0.25 పడుతుంది. అతి ధీమాకూ అతి జంకుకూ రెండింటికీ శిక్ష ఉన్న పద్ధతి. ఒక్క మ్యాచ్‌తో ఎవరినీ తీర్పు చెప్పనివ్వదు, వందల మ్యాచ్‌లు కావాలంటుంది. టీవీ చర్చల్లో విజేత పేరు మాత్రం చెప్పి ఎంత నమ్మకమో చెప్పనివాళ్లను ఈ కొలమానం మీద నిలబెట్టడం కుదరదు, వాళ్ల జోస్యాలకు విలువ లేనిది కూడా అందుకే.

మ్యాచ్ కాకుండా టోర్నీ విజేతను చెప్పమంటే పని ఇంకా కష్టం. గ్రాండ్‌స్లామ్ గెలవాలంటే వరుసగా ఏడు మ్యాచ్‌లు గెలవాలి. ప్రతి మ్యాచ్‌లోనూ 80 శాతం అవకాశం ఉన్న ఆటగాడు ఏడూ గెలిచే అవకాశం 21 శాతమే. నాదల్ లాంటి 97 శాతం వాడికి కూడా 81 శాతానికి మించదు. 2021 యూఎస్ ఓపెన్‌కు 150వ ర్యాంకుతో వచ్చిన ఎమ్మా రాడుకాను క్వాలిఫయింగ్‌తో కలిపి పది మ్యాచ్‌లు ఆడి, ఒక్క సెట్టూ కోల్పోకుండా కప్పు గెలిచింది. ప్రతి మ్యాచ్‌లో ఆమెకు 60 శాతం అవకాశం ఇచ్చి ఉన్నా పది వరుసగా గెలిచే అవకాశం వెయ్యికి ఆరు. పోనీ ఆమె ప్రతి రౌండ్‌లోనూ ఎదిగింది, అవకాశమూ పెరుగుతూ వచ్చింది అనుకున్నా, అంత వేగంగా మారే సత్తాను పట్టుకోగల రేటింగ్ ఇంతవరకూ లేదు.

శరీరం సంగతి మోడళ్లకు దాదాపు తెలియదు. 2016 యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాకు క్వాలిఫయింగ్ ద్వారా చేరిన తెలుగు ఆటగాడు సాకేత్ మైనేని, తొలి రౌండ్‌లో చెక్ ఆటగాడు యిరి వెసెలీతో ఐదు సెట్లు పోరాడాడు. చివరకు ఓడించింది ప్రత్యర్థితో పాటు పట్టేసిన కండరాలు కూడా. మూడు రౌండ్ల క్వాలిఫయింగ్ అలసట, న్యూయార్క్ ఎండ, ఐదు సెట్ల అలవాటు లేకపోవడం ఏ రేటింగ్‌లోనూ కనిపించవు. మోకాలి నొప్పి గురించి ఆటగాడు పెదవి విప్పడు, కోచ్ చెప్పడు. అందుకే చాలా సందర్భాల్లో బెట్టింగ్ ధరలు మోడళ్ల కన్నా కొంచెం ముందుంటాయి. ప్రాక్టీస్ కోర్టు దగ్గర ఎవరో చూసిన కుంటి నడక ఆ ధరల్లోకి చేరిపోతుంది.

ఆ ధరలను అర్థం చేసుకోవడం సులువే. ఒక ఆటగాడి మీద రూపాయికి 1.25, రెండోవాడి మీద 4 ఇస్తామన్నారంటే, వాటి వెనకున్న అవకాశాలు 80 శాతం, 25 శాతం. కలిపితే 105. నూటికి పైన ఉన్న ఆ ఐదు కంపెనీ లాభం. అంటే కంపెనీతో సమానంగా అంచనా వేయగలిగినవాడు కూడా చివరికి నష్టపోతాడు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పందేలు ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం తెచ్చి నిషేధించాయి. చట్టం సంగతి ఎలా ఉన్నా, అంకగణితం ఒక్కటే చాలు దూరంగా ఉండమని చెప్పడానికి.

అంచనాల శాస్త్రానికి తిండి పెట్టేది పాయింట్ పాయింట్‌కూ నమోదైన సమాచారం. జెఫ్ సాక్‌మన్ అనే అమెరికన్ లక్షల మ్యాచ్‌ల ఫలితాలను సేకరించి ఎవరైనా వాడుకునేలా పెట్టాడు, వేల మ్యాచ్‌లను ఔత్సాహికులతో షాట్ షాట్‌గా రాయించాడు. ఇవాళ టెన్నిస్ గణాంకాల మీద జరిగే పరిశోధనలో పెద్ద భాగం ఆ ఉచిత సేకరణ మీదే నిలబడింది. మరోవైపు ఇదే సమాచారం సరుకుగా కూడా మారింది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య తన కింది స్థాయి టోర్నీల ప్రత్యక్ష స్కోర్లను ఒక డేటా కంపెనీకి అమ్మింది, ఆ కంపెనీ నుంచి అవి బెట్టింగ్ కంపెనీలకు చేరాయి. ప్రేక్షకులే లేని కోర్టుల్లో, 15 వేల డాలర్ల ప్రైజ్‌మనీ టోర్నీల్లో జరిగే ప్రతి పాయింట్ మీదా ప్రపంచం నలుమూలల నుంచీ పందేలు కాసే వీలు ఏర్పడింది.

2018లో ఆడమ్ లూయిస్ అనే న్యాయవాది అధ్యక్షతన స్వతంత్ర కమిటీ ఒకటి ఈ వ్యవహారంపై నివేదిక ఇచ్చింది. పేరుకు దాదాపు 15 వేల మంది ప్రొఫెషనల్ ఆటగాళ్లు ఉంటే, ఆటలో వచ్చే డబ్బు ఖర్చులకు సరిపోయేది 250 నుంచి 350 మందికేనని అందులో తేల్చింది. ఒక గేమ్ కావాలని ఓడితే టోర్నీ గెలిచినా రానంత డబ్బు ఇస్తామని ఎవరో ఫోన్ చేసినప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు ఎంత ఒంటరిగా ఉంటాడో ఊహించవచ్చు. ఫోన్‌లో బెదిరింపులు, ఓడినప్పుడు పందెగాళ్ల బూతులు కూడా అతనికే. అట్టడుగు స్థాయి టోర్నీల ప్రత్యక్ష స్కోర్ల అమ్మకం ఆపేయాలని కమిటీ సిఫారసు చేసింది. అలా ఆపితే కింది ర్యాంకుల ఆటగాళ్ల గురించి మోడళ్లకు అందే సమాచారం తగ్గుతుంది, అసలే బలహీనంగా ఉన్న అంచనాలు అక్కడ ఇంకా బలహీనపడతాయి. ఆ ధర చెల్లించి తీరాల్సిందే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అప్పు చేసి రాకెట్లు కొనుక్కుని విదేశీ టోర్నీలకు బయల్దేరే పిల్లవాడి తొలి సర్వీస్ గేమ్ ఎవరి పందేనికీ ముడిసరుకు కాకూడదు.